ప్రెసిడెంట్ ప్రమాణ స్వీకారానికి స్కూల్ పిల్లల్ని వాషింగ్టన్ తీసుకెళ్ళాలంటే

అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం నాలుగేళ్ళకోసారి జనవరి 20న మధ్యాహ్నం పన్నెండు గంటలకి జరుగుతుంది. తర్వాతిది 2029లో, ఆ రోజు శనివారం. ఇక్కడ అమెరికాలో మన తెలుగు పిల్లలు చదివే చాలా స్కూళ్ళలో సోషల్ స్టడీస్ టీచర్లు ఏడాదిన్నర ముందే ఈ ట్రిప్ మాట ఎత్తుతారు, వెంట రావడానికి పేరెంట్స్ ఎవరైనా ఉన్నారా అని మెయిల్ వస్తుంది, అది చూసి మనవాళ్ళలో చాలామంది "మనకి ఓటే లేదు, మనకెందుకులే" అని ఊరుకుంటారు. దయచేసి ఊరుకోకండి. మన పిల్లలు రేపు ఓటు వేసేది ఈ దేశంలోనే, అధికారం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఎలా వెళ్తుందో వాళ్ళతో పాటు మనమూ ఒకసారి దగ్గరగా చూడాలి. 2017లో పెద్దవాడి స్కూలుతో, 2025లో చిన్నదాని స్కూలుతో చాపరోన్‌గా, అంటే పిల్లల్ని చూసుకునే పెద్దగా వెంట వెళ్ళాను. టీచర్లకీ, వెంట వెళ్దామనుకునే పేరెంట్స్‌కీ ఉపయోగపడుతుందని నాకు తెలిసింది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ప్రమాణ స్వీకారం కళ్ళారా చూడలేకపోయినా ట్రిప్ దండగ కాకుండా ఉండేలా ప్లాన్ చెయ్యండి. భయపెట్టడానికి చెప్పడం లేదు, జరిగిందే చెప్తున్నాను. 2021లో కోవిడ్, దానికి తోడు జనవరి 6న అమెరికా పార్లమెంటు ఉండే క్యాపిటల్ భవనం మీద జరిగిన దాడి, ఈ రెండింటి వల్ల జనాన్ని అసలు రానివ్వలేదు, దాని ముందున్న నేషనల్ మాల్ అనే పెద్ద మైదానం నిండా మనుషుల బదులు జెండాలు పాతారు. 2025లో చలి ఎక్కువగా ఉంటుందని కార్యక్రమాన్ని క్యాపిటల్ లోపలికి, గోపురం కింద ఉండే రొటండా అనే గుండ్రటి హాల్లోకి మార్చేశారు, ఆ సంగతి ప్రకటించింది శుక్రవారం, కార్యక్రమం సోమవారం. అంటే అప్పటికే దేశం నలుమూలల నుంచీ స్కూల్ బస్సులు బయల్దేరిపోయాయి, రెండు లక్షలకి పైగా పంచిన టికెట్లలో చాలా మటుకు జ్ఞాపకంగా దాచుకునే కాగితాలైపోయాయి. 1985లో రీగన్ రెండోసారి ప్రమాణం చేసినప్పుడు కూడా ఇంతే, మధ్యాహ్నానికి ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 14 సెల్సియస్, కార్యక్రమం లోపల పెట్టి పరేడ్ పూర్తిగా రద్దు చేశారు.

కాబట్టి ప్లాన్ బి అంటే చివర్లో ఏదో ఒక లైను రాసి పెట్టుకునేది కాదు. పిల్లలకి, పేరెంట్స్‌కి మొదటి మీటింగ్‌లోనే చెప్పేయండి: మనం వెళ్తున్నది ఆ వారంలో వాషింగ్టన్ నగరాన్ని చూడటానికి, వీలైతే ప్రమాణ స్వీకారం అక్కడే నిలబడి చూస్తాం, వీలుకాకపోతే ఫలానా చోట అందరం కలిసి తెర మీద చూస్తాం. ఆ "ఫలానా చోటు" ముందే మాట్లాడి పెట్టుకోవాలి. హోటల్లో మీటింగ్ హాలైనా సరే, శివార్లలో ఏదైనా చర్చి హాలో కమ్యూనిటీ సెంటరో అయినా సరే, మీ పేరు మీద బుక్ అయి ఉండాలి. 2025లో ఇండోర్ స్టేడియంలో తెర మీద చూపించారు కానీ అందులో పట్టేది ఇరవై వేలమంది, బయట క్యూ మాత్రం చలిలో వీధులు చుట్టి వచ్చింది. మా గ్రూపు హోటల్ బ్రేక్‌ఫాస్ట్ హాల్లో కుర్చీలు జరుపుకుని చూసింది, టీచరు మధ్యమధ్యలో ఆగి ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో, ఎందుకలా కూర్చోబెడతారో చెప్తూ వచ్చారు, నిజం చెప్పాలంటే 2017లో మాల్ మీద అంత దూరంలో నిలబడి చూసిన పిల్లలకంటే ఈ పిల్లలకే ఎక్కువ అర్థమైంది.

టికెట్ల సంగతి

టికెట్లు ఉచితం. అమ్మరు, కొనకూడదు. ఎవరైనా ఆన్‌లైన్‌లో డబ్బుకి ఇస్తామంటే ఆ మనిషిని వదిలేయండి. టికెట్లు మీ సెనేటర్ల ఆఫీసుల ద్వారా, మీ ప్రతినిధుల సభ సభ్యుడి ఆఫీసు ద్వారానే వస్తాయి. నవంబరు ఎన్నికలయ్యాక, కొన్ని ఆఫీసులు అంతకుముందే, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఫారం పెడతాయి, చాలా చోట్ల లాటరీ తీస్తారు. మీకు ఓటు హక్కు లేకపోయినా ఆ నియోజకవర్గంలో నివాసం ఉంటున్నారు కాబట్టి అడగొచ్చు. మీ రాష్ట్రానికి ఇద్దరు సెనేటర్లు, మీ నియోజకవర్గానికి ఒక ప్రతినిధి, అంటే మూడు ఆఫీసులకీ విడివిడిగా పెట్టాలి, ఏ పార్టీ అని చూడక్కర్లేదు.

ఇక్కడ టీచర్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఒక్కో సభ్యుడికి వచ్చేవే తక్కువ, గతంలో ప్రతినిధుల సభ సభ్యులకి తలా రెండువందల లోపే వచ్చేవి, ఆ ఊళ్ళో అడిగేవాళ్ళు వేలల్లో ఉంటారు. యాభైమంది పిల్లల బస్సుకి మొత్తం టికెట్లు ఇస్తారని ఆశ పెట్టుకోకండి. నాలుగో ఆరో వస్తే? అప్పుడు పెద్ద తలనొప్పి, ఎవరికి ఇవ్వాలి అని. నా సలహా ఏమిటంటే, అందరికీ సరిపడా రాకపోతే టికెట్లు వాడుకోకుండా మర్యాదగా తిరిగి ఇచ్చేయండి, గ్రూపుని రెండుగా చీల్చకండి. టికెట్ ఉన్నవాళ్ళ గేటు ఒకచోట, లేనివాళ్ళ గేటు ఇంకోచోట ఉంటుంది, ఆ రోజు రోడ్లు మూసేశాక రెండు గుంపుల్నీ మళ్ళీ కలపడం చాలా కష్టం.

టికెట్ లేకపోతే ఏం పోదు. క్యాపిటల్ ముందర కొంత భాగం వరకే టికెట్లు, ఆ వెనక నుంచి వాషింగ్టన్ మాన్యుమెంట్ వైపు ఉన్న నేషనల్ మాల్ మైదానం మామూలుగా అందరికీ తెరుస్తారు, మధ్యమధ్యలో పెద్ద తెరలు, స్పీకర్లు పెడతారు. టికెట్ ఉన్నా వేదిక దగ్గర నిలబడతామని అనుకోవద్దు. టికెట్ రంగుల్ని బట్టి సెక్షన్లు ఉంటాయి, 2009లో ఒబామా మొదటి ప్రమాణ స్వీకారానికి ఊదా రంగు టికెట్లు ఉన్నవాళ్ళు వేలమంది థర్డ్ స్ట్రీట్ టన్నెల్లో గంటల తరబడి ఇరుక్కుపోయి, టికెట్ చేతిలో ఉండి కూడా లోపలికి వెళ్ళలేకపోయారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు టన్నెళ్ళలోకి, ఇరుకు సందుల్లోకి వెళ్ళే క్యూలకి దూరంగా ఉండాలి, లోపలికి వెళ్ళడం ఆలస్యమైనా సరే.

బస, బస్సు, డబ్బు

హోటళ్ళు ఎన్నికలకి ముందే, ఎవరు గెలుస్తారో తెలియకముందే నిండటం మొదలవుతాయి. ఊళ్ళో దొరకదు, దొరికినా మన బడ్జెట్‌కి అందదు, కాబట్టి వర్జీనియాలోనో మేరీల్యాండ్‌లోనో మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్ళగలిగే దూరంలో చూడండి. ఆరెంజ్ లైన్‌లో వియన్నా వైపు, రెడ్ లైన్‌లో షేడీ గ్రోవ్ వైపు, సిల్వర్ లైన్ 2022 నుంచి ఆష్‌బర్న్ దాకా వెళ్తోంది. ఆష్‌బర్న్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు బోలెడుమంది ఉన్నారు, మీ స్కూల్లో ఎవరికైనా అక్కడ బంధువులుంటే వాళ్ళ నంబరు ఒకటి అత్యవసరానికి పెట్టుకోండి, ఆ ఊరి రోడ్లు తెలిసినవాళ్ళ మాట ఆ రోజు చాలా పనికొస్తుంది. ఆ వారంలో హోటళ్ళు కనీసం మూడు నాలుగు రాత్రులు తీసుకోవాలని షరతు పెడతాయి, అది ముందే లెక్కలో వేసుకోండి.

స్టూడెంట్ టూర్ కంపెనీతో వెళ్తుంటే కాంట్రాక్టులో ఒక్క విషయం వెతకండి: కార్యక్రమం లోపలికి మారినా, జనాన్ని రానివ్వకపోయినా డబ్బు సంగతేంటి? చాలావాటిలో "షెడ్యూలులో మార్పులకి మాది బాధ్యత కాదు" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. 2025లో మా స్కూలు మాట్లాడుకున్న కంపెనీ అదే లైను చూపించి పైసా వెనక్కివ్వలేదు, పేరెంట్స్ ఎంత పోట్లాడినా లాభం లేకపోయింది. సంతకం పెట్టకముందు అడిగితే కొన్ని కంపెనీలు ఆ షరతు మారుస్తాయి, పెట్టాక ఎవరూ మార్చరు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో "ఏ కారణానికైనా రద్దు" అనే రకం ఒకటి ఉంటుంది, ఖరీదు ఎక్కువ, కట్టినదంతా రాదు, కొంత శాతమే వస్తుంది, పైగా మొదటి వాయిదా కట్టిన రెండు మూడు వారాల్లోపే తీసుకోవాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలున్న కుటుంబాలకి మాత్రం దాని గురించి చెప్పండి, నిర్ణయం వాళ్ళే తీసుకుంటారు.

బస్సు డ్రైవరు గంటల సంగతి చాలామందికి తెలియదు. ప్యాసింజర్ బస్సు నడిపేవాళ్ళు ఫెడరల్ నిబంధనల ప్రకారం పది గంటలకి మించి నడపకూడదు, డ్యూటీ ఎక్కిన పదిహేను గంటల తర్వాత ఇక స్టీరింగ్ పట్టుకోకూడదు, మళ్ళీ ఎనిమిది గంటలు విశ్రాంతి కావాలి. తెల్లవారుజామున మూడింటికి డ్యూటీ మొదలైతే సాయంత్రం ఆరుకి ఆ మనిషి పని అయిపోయినట్టే. అదే రాత్రి న్యూజెర్సీకో నార్త్ కరోలినాకో తిరిగి వెళ్ళిపోదాం అనుకుంటే రెండో డ్రైవరు ఉండాల్సిందే. డబ్బు ఆదా చెయ్యాలని ఇక్కడ మాత్రం చూడకండి, బస్సులో నిద్రపోయేది మన పిల్లలు. ఆ రోజు నగరం నడిబొడ్డులో రోడ్లు మూసేస్తారు, బస్సుని దూరంగా ఆపాలి, దానికి పర్మిట్ కూడా అవసరం కావచ్చు, అది బస్సు కంపెనీతో రాతపూర్వకంగా తేల్చుకోండి. అందుకే ఆ రోజుకి బస్సు వదిలేసి మెట్రో ఎక్కడమే మేలు అంటాను.

విమానంలో వెళ్ళేవాళ్ళకి: దేశంలోపల ప్రయాణానికి పద్దెనిమిది లోపు పిల్లలకి ఐడీ అడగరు, అయినా స్కూల్ ఐడీ మెడలో ఉండాలి. పద్దెనిమిది దాటిన సీనియర్లకి రియల్ ఐడీయో (ఫెడరల్ ప్రమాణాల ప్రకారం రాష్ట్రం ఇచ్చే ఐడీ కార్డు) పాస్‌పోర్టో కావాలి. మన పిల్లల్లో హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు పద్దెనిమిది నిండాక పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చినట్టు చూపించే ఐ-94 కాగితం వెంట ఉంచుకోవాలి, చాపరోన్‌గా వెళ్ళే తల్లిదండ్రులకీ ఇదే వర్తిస్తుంది, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఆ కార్డు పెట్టుకోవాలి.

ఎంతమంది పెద్దవాళ్ళు?

మామూలు ఫీల్డ్ ట్రిప్పులకి పదిమందికొకరు చాలంటారు. దీనికి చాలదు. ఆరుగురికి ఒకరు, ఆ పైన ఎవరి గుంపూ లేకుండా ఒకరిద్దరు విడిగా ఉండాలి, ఎందుకంటే ఎవరికో కడుపునొప్పి వస్తుంది, ఎవరినో హోటల్‌కి వెనక్కి తీసుకెళ్ళాలి, అప్పుడు ఆ ఆరుగురినీ ఇంకొకరి మీద పడెయ్యకూడదు. ఆరుగురిలోనూ పిల్లల్ని ఇద్దరిద్దరిగా జతలు చెయ్యండి, బాత్‌రూమ్‌కి వెళ్ళినా జతగానే.

పుష్కరాల్లో ఘాట్ దగ్గర పిల్లాడి చెయ్యి వదిలితే ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా, ఇక్కడ కూడా జనం అంతే, పైగా ఫోన్లు సరిగ్గా పనిచెయ్యవు. నెట్‌వర్క్ మీద లోడు పడి కాల్ కలవదు, మెసేజ్ ఒక్కోసారి పదినిమిషాలకి వెళ్తుంది, చలికి బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది. కాబట్టి ప్రతి పిల్లాడి లోపలి జేబులో ఒక కాగితం ముక్క ఉండాలి, దాని మీద చాపరోన్ నంబరు, టీచర్ నంబరు, హోటల్ పేరు, అడ్రసు, దిగాల్సిన మెట్రో స్టేషను, కలుసుకునే చోటు. పెన్నుతో రాయించండి, ప్రింట్ చేసి ఇస్తే చదవరు, చేత్తో రాస్తే గుర్తుంటుంది.

కలుసుకునే చోటు ఎంచుకునేటప్పుడు "మాన్యుమెంట్ దగ్గర" లాంటివి వద్దు, అక్కడ వేలమంది ఉంటారు, ఒక్కోసారి ఆ భాగమంతా కంచె వేసి ఉంటుంది. సెక్యూరిటీ గేట్లకి బయట, ఫలానా రెండు వీధుల మూల, ఫలానా భవనం మెట్లు, అలా చెప్పాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, పెన్సిల్వేనియా అవెన్యూ పరేడ్ దారి, ఒకసారి మూసేశాక దాన్ని దాటనివ్వరు. మీ గుంపు దక్షిణం వైపు ఉంటే కలుసుకునే చోటు కూడా దక్షిణం వైపే ఉండాలి. అవతల ఉందంటే భూగర్భంలో మెట్రో ఎక్కి దాటడమో, చాలా దూరం చుట్టి రావడమో తప్ప దారి ఉండదు.

మెట్రోకి ఒక్క నియమం పిల్లలచేత మళ్ళీమళ్ళీ చెప్పించండి: ప్లాట్‌ఫాం మీద మిగిలిపోయినవాళ్ళు అక్కడే నిలబడాలి, రైలు ఎక్కేసినవాళ్ళు తర్వాతి స్టేషన్లో దిగాలి, పెద్దవాళ్ళలో ఒకరు వెనక్కి వెళ్ళి తీసుకొస్తారు. ఎవరికి వాళ్ళు తెలివి ఉపయోగించి వెతుక్కుంటూ తిరగకూడదు. స్మార్‌ట్రిప్ కార్డులు తలా ఒకటి ముందే కొని డబ్బు వేసి ఉంచండి. ఒకే కార్డు అందరికీ తిప్పడం కుదరదు. స్మిత్సోనియన్ లాంటి దగ్గరి స్టేషన్లు సాధారణంగా ఆ రోజు మూసేస్తారు, కాస్త దూరంలో దిగి నడవాలి, ఏవి మూస్తారో ముందు వారంలో మెట్రో ప్రకటిస్తుంది.

చలి, బట్టలు, తిండి

అన్నిటికంటే పిల్లల్ని ఏడిపించేది ఇదే. వాషింగ్టన్‌లో జనవరి మధ్యాహ్నం మామూలుగా ఆరేడు డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, చూడ్డానికి పర్వాలేదనిపిస్తుంది. కానీ తెల్లవారుజాము నుంచి కదలకుండా నిలబడటం వేరు, బస్ స్టాప్‌లో పది నిమిషాలు నిలబడటం వేరు. 2009లో మధ్యాహ్నానికి కూడా మైనస్ రెండే.

ముందుగా చలి పట్టేది కాలి వేళ్ళకి. "ఆంటీ, నా కాళ్ళు ఉన్నాయో లేవో తెలీట్లేదు" అని మా గుంపులో ఒక పాప ఏడుపు గొంతుతో అంది, చూస్తే మూడు జతల కాటన్ సాక్సులు వేసుకుని బూట్లలో కాళ్ళు కుక్కేసింది. సాక్సులు ఎక్కువైతే బూటు బిగుసుకుని రక్తం సరిగ్గా ఆడదు, కాటన్ చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది. పల్చటి జత ఒకటి, దాని మీద ఉన్ని జత ఒకటి, బూట్లో వేళ్ళు కదిలేంత ఖాళీ ఉండాలి. ఇంకో చిట్కా, అట్టపెట్టెలు విప్పి బూటు సైజు కంటే కాస్త పెద్దగా కత్తిరించి తలా రెండు ముక్కలు కోటు లోపల పెట్టుకుని వెళ్ళండి. నిలబడిన చోట కాళ్ళ కింద వేసుకుంటే నేల చలి పైకి రాదు. 2017లో గడ్డి పాడవకుండా మాల్ మీద తెల్లటి ప్లాస్టిక్ పలకలు పరిచారు, చూడ్డానికి శుభ్రంగా ఉన్నాయి కానీ చల్లదనం బూట్లలోంచి నేరుగా ఎక్కేది, అట్టముక్కలు వేసుకున్న పిల్లలు చివరిదాకా నిలబడ్డారు. చేతులు వెచ్చగా ఉంచే ప్యాకెట్లని చర్మానికి తగిలేలా పెట్టకండి, చేతి తొడుగులో, సాక్స్ పైన పెట్టాలి, వాడటానికి పావుగంట ముందే విప్పాలి.

గొడుగు మామూలుగా తేనివ్వరు, వాన పడేలా ఉంటే పల్చటి రెయిన్ పోంచోలు పెట్టుకోండి. 2017లో ప్రసంగం మొదలవగానే చినుకులు పడ్డాయి, పోంచోలు ఉన్నవాళ్ళు కదలక్కర్లేకపోయింది. బ్యాక్‌ప్యాకులు, ఫ్లాస్కులు, సెల్ఫీ స్టిక్కులు, గాజు సీసాలు, కర్రలున్న అట్టలు, ఇవేవీ లోపలికి రానివ్వరు, నిషేధించిన వస్తువుల జాబితా ప్రతిసారీ కొద్దిగా మారుతుంది కాబట్టి తాజాది చూసి ముందు రోజు రాత్రి హోటల్లో ప్రతి పిల్లాడి జేబులూ సంచులూ పెద్దవాళ్ళే తనిఖీ చెయ్యాలి. గేటు దగ్గర పారేయమంటే పిల్లలు ఏడుస్తారు, వెనకాల క్యూ ఆగిపోతుంది.

తిండి జేబుల్లో పట్టేదే. మనవాళ్ళు ప్రేమకొద్దీ పల్లీ చిక్కీలు, వేరుశనగ ఉండలు చేసి పంపిస్తామంటారు, గ్రూపులో ఒక్క పిల్లాడికి పల్లీల అలర్జీ ఉన్నా వద్దని స్పష్టంగా చెప్పండి. చపాతీలో జామ్ రాసి చుట్టినవి, జంతికలు, ఖర్జూరాలు, చీజ్ ముక్కలు బాగుంటాయి. పులిహోర మా పిల్లలకి పెట్టి చూశాను, చలికి మెతుకు గట్టిపడిపోయి తినలేకపోయారు. నీళ్ళు కొద్దికొద్దిగా తాగించండి, బాత్‌రూమ్ భయానికి అసలు తాగకుండా ఉండే ఆడపిల్లలు ఉంటారు, వాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. తాత్కాలిక టాయిలెట్లు ఉంటాయి, మొదట కనిపించిన చోటే అందరూ వెళ్ళొచ్చెయ్యాలి. ఇన్‌హేలర్లు, ఎపిపెన్లు (అలర్జీ ముదిరితే ఇచ్చే ఇంజెక్షన్లు) ఆ గుంపు చాపరోన్ దగ్గరే ఉండాలి, బస్సులో కాదు.

వెళ్ళేముందు క్లాసులో

పిల్లలకి అక్కడ ఏం జరుగుతుందో తెలియకపోతే దూరంగా చిన్న చిన్న మనుషులు కనిపిస్తారు, అంతే. అధ్యక్షుడి ప్రమాణం రాజ్యాంగంలో మాటకి మాట రాసి ఉంది, ఇంగ్లీషులో 35 పదాలు, అది బస్సు ఎక్కేలోపు అందరికీ నోటికి రావాలి. 2009లో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ అందులో ఒక పదం చోటు మార్చి చదవడంతో మర్నాడు వైట్ హౌస్‌లో మళ్ళీ ప్రమాణం చేయించారు, ఈ ఒక్క సంగతి చెప్తే చాలు, పిల్లలు చెవులు రిక్కించి వింటారు. ముందు ఉపాధ్యక్షుడు, తర్వాత అధ్యక్షుడు, ఆ వెంటనే 21 తుపాకుల వందనం, తర్వాత ప్రసంగం, ఈ వరస చెప్పి పెట్టండి, తుపాకుల శబ్దానికి ఉలిక్కిపడే పిల్లలు ఉంటారు.

జనవరి 20 ఎందుకు? 1933 దాకా మార్చి 4న ఉండేది, నవంబరులో గెలిచినవాళ్ళు నాలుగు నెలలు ఆగాల్సి వచ్చేది, రాజ్యాంగ 20వ సవరణ దాన్ని మార్చింది, 1937 నుంచి జనవరిలో జరుగుతోంది. న్యూజెర్సీ, న్యూయార్క్ స్కూళ్ళకి ఇంకో వీలుంది. మొదటి ప్రమాణ స్వీకారం 1789 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లోనే జరిగింది, వాల్ స్ట్రీట్‌లో ఫెడరల్ హాల్ దగ్గర జార్జ్ వాషింగ్టన్ విగ్రహం ఉంది, డిసెంబరులో ఒక శనివారం అక్కడికి తీసుకెళ్తే పిల్లలకి గుంపుగా నడవడం కూడా అలవాటవుతుంది.

ముందు రోజు లింకన్ మెమోరియల్‌కి తప్పకుండా వెళ్ళండి, ట్రిప్‌లో ఒక్కటే చూడగలిగితే అదే చూడమంటాను. లోపల ఉత్తరపు గోడ మీద లింకన్ రెండో ప్రమాణ స్వీకార ప్రసంగం మొత్తం చెక్కి ఉంది, 1865 మార్చి 4 నాటిది. అంతర్యుద్ధం ఇంకా ముగియలేదు, దేశం రెండుగా చీలి లక్షలమంది చనిపోయారు, గెలవబోతున్న మనిషి నిలబడి "ఎవరిమీదా ద్వేషం లేకుండా, అందరిపట్లా దయతో" అన్నాడు. ఒక్కో పిల్లాడిచేత ఒక్కో వాక్యం పైకి చదివించండి. మా గుంపులో ఎప్పుడూ ఫోను వదలని అబ్బాయి ఆ గోడ దగ్గర చివరి పేరా రెండుసార్లు చదివి "నలభై రోజుల తర్వాత చంపేశారు కదా ఈయన్ని" అని అడిగాడు. అవును, కాల్పులు జరిగిన ఫోర్డ్స్ థియేటర్ కూడా ఆ ఊళ్ళోనే ఉంది, వీలైతే అదీ చూపించండి. అమెరికన్ హిస్టరీ మ్యూజియంలో అధ్యక్షుల భార్యలు ప్రమాణ స్వీకారం రాత్రి విందులకి వేసుకున్న గౌన్లు ఉన్నాయి, నేషనల్ ఆర్కైవ్స్‌లో రాజ్యాంగం అసలు ప్రతి ఉంది. స్మిత్సోనియన్ మ్యూజియంలన్నీ ఉచితమే కానీ ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం లాంటి వాటికి టైమ్ పాస్ ముందే తీసుకోవాలి.

పార్టీల మాట

బస్సులో అందరి ఇళ్ళూ ఒకే పార్టీ కాదు. గెలిచినవాళ్ళ పక్షం పిల్లలు ఉంటారు, ఓడినవాళ్ళ పక్షం పిల్లలు ఉంటారు, మన తెలుగు ఇళ్ళలోనే అమ్మ ఒకవైపు, నాన్న ఒకవైపు ఉన్నవాళ్ళు ఉన్నారు. 2025లో జేడీ వాన్స్ ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేస్తుంటే భార్య ఉష చిలుకూరి బైబిల్ పట్టుకున్నారు, ఆమె పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు, అదే గదిలో పదవి దిగిపోతున్న కమలా హారిస్ కూర్చున్నారు. మా హాల్లో ఒకే టేబుల్ దగ్గర ఒక పాప చప్పట్లు కొట్టింది, పక్క పాప కళ్ళు తుడుచుకుంది. ఇద్దరినీ అలాగే ఉండనివ్వాలి. చాపరోన్ ఎవరి వైపూ మాట్లాడకూడదు, ఇంట్లో మన అభిప్రాయం ఏదైనా సరే.

నియమాలు ముందే కాగితం మీద పెట్టి పిల్లలతో, పేరెంట్స్‌తో సంతకాలు తీసుకోండి. నినాదాలున్న టోపీలు, చొక్కాలు గ్రూపులో వద్దు, ఏ పార్టీవైనా. ఎవరినీ ఎగతాళి చెయ్యకూడదు, చుట్టూ జనం అరిచినా మనం అరవకూడదు. మైదానంలో పాత నాయకులు తెర మీద కనిపించినప్పుడు వెక్కిరింపులు వినిపిస్తాయి, పిల్లలు అది విని కంగారుపడతారు, అలా జరగొచ్చని ముందే చెప్పి ఉంచాలి. నిరసనలు కూడా ఉంటాయి, అది వాళ్ళ హక్కు అని చెప్పండి, కానీ దగ్గరికి వెళ్ళి ఫొటోలు తీసుకోనివ్వకండి. 2017లో నగరం మధ్యలో అద్దాలు పగలగొట్టడం, రెండువందల మందికి పైగా అరెస్టులు జరిగాయి, అదే సమయంలో కాస్త దూరంలో మాల్ మీద మాత్రం అంతా ప్రశాంతంగా ఉంది. గుంపు అరుపులు, పరుగులు వినిపిస్తే ఏ వైపు నడవాలో, ఏ మెట్రో స్టేషన్‌కి వెళ్ళాలో చాపరోన్లందరికీ ముందు రోజు మ్యాప్ మీద చూపించి ఉండాలి.

ఆ రోజు

తెల్లవారుజామున నాలుగింటికల్లా హోటల్ నుంచి బయటపడాలి. కడుపునిండా తినిపించి బయల్దేరండి. గేటు దగ్గర క్యూలో పడ్డాక మీ గుంపు ముందు ఒక పెద్దవాళ్ళు, వెనక ఒక పెద్దవాళ్ళు, పిల్లలు మధ్యలో. లోపలికి వెళ్ళాక తెర కనిపించే చోట, కంచెకి ఆనుకుని, బయటకి వెళ్ళే దారికి దగ్గరగా నిలబడండి. అందరూ ముందుకు తోసుకుపోతారు, మీరు వెళ్ళకండి, ముందుకు వెళ్తే ఎవరికైనా ఒంట్లో బాగాలేనప్పుడు బయటికి రాలేరు. గంటకోసారి పేర్లు పిలవండి. తలలు లెక్కపెడితే పొరపాటు పడతాం, పేరు పిలిస్తే పడం.

ఫొటోలకి ఐదు నిమిషాలు కేటాయించి, ప్రమాణం చేసే సమయంలో ఫోన్లు జేబులో పెట్టమనండి.

ప్రసంగం అవగానే అందరూ ఒక్కసారిగా కదులుతారు, ఎస్కలేటర్ల దగ్గర విపరీతమైన రద్దీ. మీరు ఒక గంట కదలకండి, లేదా దగ్గర్లో తెరిచి ఉన్న మ్యూజియంలోకి వెళ్ళి పిల్లల్ని వెచ్చబెట్టండి. పరేడ్ మధ్యాహ్నం ఎప్పుడో మొదలవుతుంది, దానికి మళ్ళీ సెక్యూరిటీ గేట్లు, మళ్ళీ క్యూలు, సాయంత్రం ఐదుంపావుకల్లా చీకటి. చిన్న తరగతుల పిల్లలతో పరేడ్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది, హోటల్‌కి వెళ్ళి వేడినీళ్ళ స్నానం చేయించి టీవీలో చూపించండి. మీ స్కూల్ బ్యాండ్‌ని పరేడ్‌కి ఎంపిక చేస్తే సంగతి వేరు, దానికి ప్రెసిడెన్షియల్ ఇనాగరల్ కమిటీకి విడిగా దరఖాస్తు చేసుకోవాలి, వాళ్ళ ప్రయాణం ఏర్పాట్లు పూర్తిగా వేరేగా ఉంటాయి.

హోటల్ చేరగానే పేరెంట్స్ గ్రూపులో ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి, అందరూ క్షేమం, ఎంతమంది వెళ్ళామో అంతమందీ ఉన్నాం అని. మర్నాడు పొద్దున్నే బయల్దేరకండి, పదకొండింటిదాకా నిద్రపోనివ్వండి. తిరిగొచ్చిన వారంలోపు టికెట్ల కోసం సాయం చేసిన ఆఫీసు స్టాఫ్‌కి పిల్లలచేత చేత్తో రాసిన ఉత్తరాలు పంపించండి, ఏ ఆఫీసులో ఎప్పుడు ఫారం తెరిచారు, ఏ గేటు ఖాళీగా ఉంది, ఏ హోటల్ మాట నిలబెట్టుకుంది, ఇవన్నీ రెండు పేజీల్లో రాసి స్కూల్ ఆఫీసులో ఇచ్చెయ్యండి, నాలుగేళ్ళకి టీచర్లు మారిపోతారు, 2033లో వెళ్ళేవాళ్ళకి ఆ కాగితాలే దిక్కు.